శీనుగాడికి, ఫిజికల్ కెమిస్ట్రీ క్లాసు నుంచి

ఒరేయ్ శీనూ,

జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉండుంటావు. తిట్టుకో, పర్లేదు. ఆ కోర్సు తీసుకోమంటావా వద్దా అని అడిగావు. నేనే సగంలో ఉన్నాను, ఏం చెప్పను? మొన్న ఒక లెక్క తప్పాక చెప్పాలనిపించింది.

బయోకెమిస్ట్రీ వాళ్ల కోసం పెట్టిన ఫిజికల్ కెమిస్ట్రీ కదా, లెక్కలు తక్కువుంటాయనుకుని చేరాను. తక్కువేం కాదు. కాకపోతే పిస్టన్లు, ఆదర్శ వాయువులు తొందరగా అయిపోయాయి, ఆ తర్వాత కథంతా కణంలోనే.

కణానికి శక్తినిచ్చే అణువు ఏటీపీ సంగతే చూడు. నీటితో చర్య జరిగి, ఒక ఫాస్ఫేట్ ఊడి ఏడీపీ అయితే డెల్టా జీ, అంటే పని చేయగల శక్తిలో మార్పు, మోల్‌కి −30.5 కిలోజౌళ్లు అని ఎప్పటినుంచో బట్టీ కొట్టాం. అది పీహెచ్ 7 దగ్గర, మిగతావన్నీ 1 మోలార్ (లీటరుకి ఒక మోల్) చొప్పున ఉన్నప్పటి మాట. 1 మోలార్ ఏటీపీ ఏ కణంలో ఉంటుందిరా? హోంవర్కులో ఏటీపీ 5, ఏడీపీ 0.5, ఫాస్ఫేట్ 5 మిల్లీమోలార్ అని ఇచ్చి, 37 డిగ్రీల దగ్గర అసలు డెల్టా జీ ఎంతో కట్టమన్నారు. నేను ఆ అంకెల్ని ఉన్నవి ఉన్నట్టే లాగరిథమ్‌లో పడేశాను. −32 వచ్చింది. ఓస్, ఇంతేనా అనుకున్నా. పక్క సీటు అమ్మాయికి −50!

మోలార్‌లోకి మార్చడం మర్చిపోయాను. లాగరిథమ్‌లోని భిన్నంలో పైన ఏడీపీ, ఫాస్ఫేట్ రెండు గాఢతలు, కింద ఏటీపీ ఒకటే, కాబట్టి ఒక వెయ్యి కొట్టివేతకు దొరక్కుండా మిగిలిపోయింది. ఆ వెయ్యి ఖరీదు దాదాపు 18 కిలోజౌళ్లు. మార్కులు పోయాయి, అది వేరే విషయం. కానీ అప్పుడు వెలిగింది: ఏటీపీ బంధంలో శక్తేదో దాచిపెట్టి ఉందని మనం అనుకున్నదంతా ఉత్తదే. కణం ఏడీపీని పేరుకోనివ్వకుండా, చర్యను సమతాస్థితికి ఆమడ దూరంలో ఉంచుతుంది. సమతాస్థితికి చేరిందా, అదే ఏటీపీ నుంచి పైసా పని రాదు.

ల్యాబ్ గురించి అడక్కు. సరే, చెప్తాను. ఎంజైమ్ వేగాలు కొలిచి, వేగాన్నీ, సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ మార్చే పదార్థం) గాఢతనీ తలకిందులు చేసి గీసే లైన్‌వీవర్–బర్క్ గ్రాఫ్ గీస్తే నా వీమాక్స్ (గరిష్ఠ వేగం), కేఎం (అందులో సగం వేగం వచ్చే సబ్‌స్ట్రేట్ గాఢత) రెండూ నెగటివ్ వచ్చాయి! సబ్‌స్ట్రేట్ అతి తక్కువున్న గొట్టంలో వేగం కాస్త తక్కువగా కొలిచాను. దాన్ని తలకిందులు చేసేసరికి ఆ ఒక్క చుక్కే ఆకాశానికెక్కి గీతనంతా తనవైపు లాక్కుంది. 1934 నాటి పద్ధతి అది, చేత్తో గీసుకునే రోజుల్లో సరిపోయింది. ఇప్పుడు కంప్యూటర్‌తో వక్రరేఖనే నేరుగా సరిపోల్చుకోవచ్చు కదా, ఇంకా ఇదెందుకో నాకైతే అర్థం కాదు.

క్వాంటం మాత్రం పైపైనే తేల్చేశారు. నీకు స్పెక్ట్రోస్కోపీ పిచ్చి ఉంది కాబట్టి నువ్వు మామూలు ఫిజికల్ కెమిస్ట్రీకే వెళ్లు, ఇందులో నీ ఆకలి తీరదు. ప్రొటీన్ల వైపు మనసు మారితే మాత్రం ఇదే తీసుకో, లాగరిథమ్‌లు ముందే సాధన చేసుకుని రా.

వచ్చే వారం నెర్న్‌స్ట్ సమీకరణం (పొర లోపలా బయటా అయాన్ గాఢతల తేడా నుంచి వోల్టేజీ కట్టేది) మీద పరీక్ష. పొటాషియం అయాన్‌కి వచ్చే వోల్టేజీ ప్లస్సా మైనస్సా అని టెన్షన్‌తో చస్తున్నా. ఏ గాఢత పైన వేయాలో గుర్తుంచుకునే చిట్కా నీకేదో ఉండేది కదా, వెంటనే రాసి పంపు.

నీ
కిట్టు