టైప్-సి కేబులు: వాట్లు వేరు, వేగం వేరు

సంపాదకులకు,

ల్యాప్‌టాప్ ఉపకరణాలపై మీ సాంకేతిక పేజీలో వచ్చిన వ్యాసం చదివితే, టైప్-సి కేబుళ్లన్నీ ఒకటేనన్న అభిప్రాయం కలుగుతుంది. టైప్-సి అనేది 24 పిన్నుల కనెక్టరు పేరు. లోపల ఎన్ని తీగలున్నాయో, ఎంత కరెంటు మోస్తాయో పైకి కనిపించదు.

రెండు కొసలా టైప్-సి ఉన్న కేబులు కనీసం 3 ఆంపియర్లు మోయాలి. 20 వోల్టుల దగ్గర అది 60 వాట్లు. అంతకు మించాలంటే కేబులులో, తాను ఎంత మోయగలదో చార్జరుకు చెప్పే ఈ-మార్కర్ చిప్ ఉండాలి. అది లేకపోతే 100 వాట్ల చార్జరు కూడా 60 దగ్గరే ఆగిపోతుంది, నింద మాత్రం చార్జరు మీద పడుతుంది. డేటా లెక్క పూర్తిగా వేరు. 240 వాట్లు మోసే కేబులు సైతం 480 మెగాబిట్ల వేగంతోనే నడవొచ్చు. ప్యాకెట్ మీద వాట్లు రాసి, వేగం రాయలేదంటే ఆ వేగం తక్కువేనని అనుకోవడం మంచిది. మీరు ఉపకరణాల పట్టికలు వేసేటప్పుడు ఈ రెండు అంకెలూ ఇవ్వాలని మనవి.

ఒక టైప్-సి పోర్టును పలు పోర్టులుగా మార్చే హబ్‌ల విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. హబ్ తన అవసరానికి కొన్ని వాట్లు ఉంచుకుంటుంది కనుక 65 వాట్ల చార్జరు పెడితే ల్యాప్‌టాప్‌కు 50 చిల్లరే చేరవచ్చు. యూఎస్‌బీ 3 డేటా కూడా నడిపే మామూలు హబ్‌లో నాలుగు హైస్పీడ్ లేన్లలో (డేటా దారుల్లో) రెండే వీడియోకు మిగులుతాయి. వీడియో పంపే ప్రమాణం డిస్‌ప్లేపోర్ట్ 1.2 అయితే వాటి మీద 4కె బొమ్మ 30 హెర్ట్జ్‌కే పరిమితం, మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదులుతుంది. 60 హెర్ట్జ్ కావాలంటే హబ్‌తో పాటు ల్యాప్‌టాప్ కూడా 1.4కు సరిపోవాలి.

వాపసు గడువు ముగిసేలోగానే పరీక్షించుకోవాలి. బ్యాటరీ సగం కన్నా తక్కువున్నప్పుడు కేబులుకు, ల్యాప్‌టాప్‌కు మధ్య టైప్-సి పవర్ మీటరు పెట్టండి. బ్యాటరీ నిండుగా ఉంటే కరెంటు ఎలాగూ తగ్గుతుంది, కొలత పనికిరాదు. 20 వోల్టులు రావాల్సిన చోట 5 దగ్గరే నిలిచిపోతే ఎన్ని వోల్టులన్న దానిపై చార్జరుకు, ల్యాప్‌టాప్‌కు ఒప్పందం కుదరలేదన్నమాట. తర్వాత మీటరు తీసేయండి, కొన్ని మీటర్లు డేటా వేగాన్ని తగ్గించేస్తాయి. అదే కేబులుతో తగిలించిన మంచి ఎస్ఎస్‌డీకి 10 గిగాబైట్ల ఫైలు కాపీ చేయండి. పెన్‌డ్రైవ్ దీనికి చాలదు. సెకనుకు 40 మెగాబైట్లు దాటకపోతే పని యూఎస్‌బీ 2.0 తీగల మీదే సాగుతోంది. 400 పైన వస్తే లింకు 5 గిగాబిట్లది, 900 పైన వస్తే 10 గిగాబిట్లది. ప్లగ్గు తిప్పి పెట్టి మళ్లీ చూడండి. ఒకవైపే వేగం పడిపోతే ఆ వైపు తీగల జతల్లో లోపం ఉంది.

హబ్‌కు చార్జరు, మానిటరు, డిస్కు అన్నీ తగిలించి, కాపీ నడుస్తుండగా చార్జరు లాగేయండి. పోయినా పర్వాలేని ఫైలుతోనే సుమా! చాలా హబ్‌లు ఇక్కడే తప్పుతాయి: విద్యుత్ ఒప్పందం మళ్లీ మొదలై డిస్కు క్షణంపాటు ఊడిపోతుంది. కాపీ సమయంలో వైర్‌లెస్ మౌస్ తడబడితే, యూఎస్‌బీ 3 సంకేతాల రొద 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోకి చొరబడుతోంది. రిసీవరును హబ్‌కు దూరంగా మరో పోర్టులో పెడితే తగ్గుతుంది.

అయస్కాంతపు కొసలు, టైప్-సి ఎక్స్‌టెన్షన్ కేబుళ్లు ప్రమాణంలో లేవు. కనెక్టరులో విద్యుత్ పిన్నును ఆనుకునే, విద్యుత్ ఒప్పందం నడిపే సీసీ పిన్ను ఉంటుంది. అయస్కాంతపు కొస కాస్త పక్కకు జరిగి 20 వోల్టులు దాని మీద పడితే పోయేది కేబులు కాదు, ల్యాప్‌టాప్ పోర్టు.

– ఒక పాఠకుడు