మెచ్చుకోలులో డ్రమ్స్ వాయించినాయన పేరేది?

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాల్ బటర్‌ఫీల్డ్ బ్లూస్ బ్యాండ్ తొలి ఆల్బమ్ గురించి వచ్చిన వ్యాసం చదివాను. 1965 అక్టోబరులో వచ్చిన ఒక అమెరికన్ బ్లూస్ (అక్కడి నల్లజాతివాళ్ల నుంచి పుట్టిన సంగీతం) రికార్డు కోసం తెలుగు పత్రిక అరపేజీ కేటాయించిందంటే నాలాంటి శ్రోతలకు పండగే. ఆ ఆల్బమ్‌ను మీ వ్యాసకర్త ఆకాశానికెత్తారు. అందులో అతిశయోక్తి లేదు. విడుదలైనప్పుడు అమెరికాలో ఆల్బమ్‌ల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో 123వ స్థానం దాటలేకపోయిన రికార్డును రోలింగ్ స్టోన్ పత్రిక 2003లో 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో చేర్చింది. కాలం గడిచేకొద్దీ దాని విలువ పెరిగిందే గానీ తరగలేదు.

నా పేచీ మెచ్చుకోవడంతో కాదు, మెచ్చుకున్న తీరుతో. వ్యాసమంతా పాడుతూ మౌతార్గాన్ వాయించిన బటర్‌ఫీల్డ్ చుట్టూ, గిటార్ వాయించిన మైక్ బ్లూమ్‌ఫీల్డ్ చుట్టూ తిరిగింది. డ్రమ్స్ మీద కూర్చున్న శామ్ లే పేరు గానీ, బేస్ గిటార్ వాయించిన జెరోమ్ ఆర్నాల్డ్ పేరు గానీ ఒక్కచోటా లేవు. పాటలు కట్టినవాళ్లంతా ‘పాతతరం నల్లజాతి కళాకారులు’ అనే ఒక్క మాటలో కలిసిపోయారు. ఈ రికార్డు విషయంలో ఇది చిన్న లోపం కాదు.

ఎందుకంటే ఆ బృందం పుట్టిన తీరే అలాంటిది. బటర్‌ఫీల్డ్ షికాగో విశ్వవిద్యాలయం ఉన్న హైడ్ పార్క్‌లో పెరిగిన తెల్ల కుర్రాడు. రెండో గిటారిస్టు ఎల్విన్ బిషప్ ఓక్లహామా నుంచి అదే విశ్వవిద్యాలయానికి ఫిజిక్స్ చదవడానికి వచ్చాడు. ఇద్దరూ చదువుల కంటే షికాగోలో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే సౌత్ సైడ్ క్లబ్బుల్లోనే ఎక్కువ నేర్చుకున్నారు. మడ్డీ వాటర్స్, హౌలిన్ వుల్ఫ్, లిటిల్ వాల్టర్ లాంటి ఉద్దండులు రాత్రిపూట వాయించే చోట్లు అవి. 1963లో నార్త్ సైడ్‌లోని బిగ్ జాన్స్ అనే క్లబ్బులో వాయించే అవకాశం వచ్చినప్పుడు, బటర్‌ఫీల్డ్ నేరుగా హౌలిన్ వుల్ఫ్ బృందం నుంచే శామ్ లేను, జెరోమ్ ఆర్నాల్డ్‌ను తెచ్చుకున్నాడు. అంటే ఈ కుర్రాళ్లు గురువుల పాటలు తీసుకోవడంతో ఆగలేదు, ఆ పాటల కింద ఉండే లయను కూడా మనుషులతో సహా తీసుకొచ్చుకున్నారు. ఆ పునాది మీద నిలబడి బ్లూమ్‌ఫీల్డ్ గిటార్ అంత స్వేచ్ఛగా ఎగరగలిగింది.

నమ్మకం లేకపోతే ఆ ఆల్బమ్‌లో ‘ఐ గాట్ మై మోజో వర్కింగ్’ మరోసారి వినమని మీ వ్యాసకర్తను కోరుతున్నాను. ఆ పాట పాడింది బటర్‌ఫీల్డ్ కాదు, శామ్ లే. డ్రమ్స్ వాయిస్తూనే పాడాడు. మొదటిసారి వినేటప్పుడు గొంతును వదిలేసి చేతుల్ని మాత్రమే గమనించండి. మామూలు షఫుల్ నడక (ఊగుతూ సాగే లయ) ఒకటి నడుస్తుంటే దాని మీద రెట్టింపు వేగంతో మరో నడక పరుగెడుతూ ఉంటుంది. ‘డబుల్ షఫుల్’ అని పేరుపడిన ఈ పద్ధతికి మూలం అలబామాలో తాను చిన్నప్పుడు వెళ్లిన చర్చిలోని చప్పట్లేనని శామ్ లే చెప్పేవాడు. భక్తుల చప్పట్లు డ్రమ్స్ మీదికి వచ్చి, అక్కడి నుంచి రాక్ సంగీతంలోకి ప్రవహించాయన్నమాట. ఇంత కథ ఉన్న మనిషి అరపేజీ వ్యాసంలో అరవాక్యానికి నోచుకోలేదు.

ఆ రికార్డు బయటికి వచ్చిన సమయం కూడా మరిచిపోకూడదు. నల్లజాతివాళ్ల ఓటుహక్కుకు రక్షణ ఇచ్చే చట్టం మీద అమెరికాలో సంతకం పడింది 1965 ఆగస్టులో. రెండు నెలలకే నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే దుకాణం ముందు కలిసి నిలబడిన ఫొటో అట్టమీద వేసుకుని ఈ ఆల్బమ్ వచ్చింది. ఆ దుకాణం మీద ధూపం, మూలికలు, నూనెలు అని రాసి ఉంటుంది. అట్ట వెనకేమో, దీన్ని వీలైనంత ఎక్కువ సౌండ్‌తో వినమని సలహా! మీరు వేసిన ఫొటోలో మాత్రం బటర్‌ఫీల్డ్ ఒక్కడే ఉన్నాడు.

ఇక పాటలు కట్టినవాళ్ల సంగతి. ఇదే ‘మోజో’ పాట మడ్డీ వాటర్స్‌దని లోకం అనుకుంటుంది. రాసింది ప్రెస్టన్ ఫోస్టర్, మొదట రికార్డు చేసింది ఆన్ కోల్ అనే గాయని. ఆమె పాడుతుండగా విని మడ్డీ వాటర్స్ తన పద్ధతిలో పాడుకున్నాడు, పేరు ఆయనకు అతుక్కుపోయింది. ‘బ్లూస్ విత్ ఎ ఫీలింగ్’ అనగానే లిటిల్ వాల్టర్ గుర్తొస్తాడు. దాన్ని రేబన్ టారంట్ 1940లలోనే కట్టాడు. గొప్పవాళ్ల నీడలో కూడా ఇలా పేర్లు కప్పబడిపోతాయి.

మనకు ఇది కొత్తేమీ కాదు. ‘బండెనక బండి కట్టి’ ఎవరిదని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది గద్దర్‌దనే అంటారు. 1979లో ‘మా భూమి’ సినిమాలో గద్దర్ దాన్ని పాడిన తీరు అలాంటిది మరి. కట్టింది తెలంగాణ సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి. గద్దర్ గొంతును ఎంత మెచ్చుకున్నా తప్పులేదు, పక్కన యాదగిరి పేరు కూడా ఉండాలని మాత్రమే నేననేది. పేరు రాయడం వల్ల ఎవరి గొప్పతనమూ తగ్గదు.

పేరుంటే ఏమొస్తుందని కొందరు అడుగుతారు. డబ్బు వస్తుంది, న్యాయం అడిగే హక్కు వస్తుంది. ఈ ఆల్బమ్‌లోని ‘మెలో డౌన్ ఈజీ’ రాసిన విల్లీ డిక్సన్ కథ చూడండి. షికాగో బ్లూస్‌లో సగం ఆయన కలం నుంచే వచ్చిందా అనిపించేంత రాశాడు. బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెపెలిన్ పాట ‘హోల్ లాటా లవ్’లో తన పాట మాటలు ఉన్నాయని ఆయన కోర్టుకెక్కితే, 1987లో రాజీ కుదిరి డబ్బు ముట్టింది. తనలాంటి కళాకారులు తమ హక్కులు తెలుసుకోవడానికి బ్లూస్ హెవెన్ అనే ఫౌండేషన్ పెట్టాడు. అది ఇప్పుడు షికాగో బ్లూస్ రికార్డులు తీసిన చెస్ రికార్డ్స్ కంపెనీ ఒకప్పటి భవనంలోనే ఉంది. మన దేశంలోనూ గీతరచయితలకు, సంగీత దర్శకులకు రాయల్టీ హక్కును 2012 కాపీరైట్ సవరణ గట్టిపరిచింది. కానీ స్టూడియోలో వయొలిన్, తబలా, డోలక్, ఫ్లూట్ వాయించి ఇంటికెళ్లిపోయేవాళ్ల పేరు సినిమా టైటిల్స్‌లోనూ చాలాసార్లు ఉండదు, పాటలు వినే యాప్‌లోనూ ఉండదు, మీ సమీక్షలోనూ ఉండదు. అసలు పేరే దొరకని మనిషి ఏ హక్కు కోసం, ఎవరి దగ్గరికి వెళ్తాడు?

పాఠకులకు ఇన్ని పేర్లు విసుగనీ, పేజీలో చోటు చాలదనీ మీరు అనవచ్చు. ఆకాశవాణి కచేరీలు విన్నవాళ్లెవరూ ఆ మాట ఒప్పుకోరు. గాత్రం ఎవరో చెప్పాక వయొలిన్ ఎవరో, మృదంగం ఎవరో, ఘటం ఉంటే అదెవరో పేరుపేరునా చెప్పేవాళ్లు. కచేరీ అయిపోయాక మళ్లీ చెప్పేవాళ్లు. అలా విని విని మృదంగ విద్వాంసులకు కూడా ఊరూరా అభిమానులు పుట్టారు. అదే రేడియోలో సినిమా పాటల దగ్గరికి వచ్చేసరికి చిత్రం, రచన, సంగీతం, గానం అని నాలుగు మాటలతో సరి. మన పత్రికలు ఈ రెండో అలవాటునే పట్టుకున్నాయి. మొదటిది కూడా మనదే కదా, దాన్నెందుకు వదులుకోవాలి?

మరో మాట. ఇదే బృందం 1966లో తెచ్చిన రెండో ఆల్బమ్‌లో పదమూడు నిమిషాల ‘ఈస్ట్-వెస్ట్’ మీద భారతీయ రాగాల ప్రభావం ఉందని మీ వ్యాసకర్త గర్వంగా రాశారు. నిజమే, బ్లూమ్‌ఫీల్డ్ మన సంగీతం విని కదిలిపోయాడు. ఆ రుణాన్ని గుర్తుచేయడానికి ఒక పేరా దొరికింది. మనకు రావలసిన పేరు దగ్గర ఉన్న శ్రద్ధ శామ్ లేకు, ప్రెస్టన్ ఫోస్టర్‌కు రావలసిన పేరు దగ్గర ఎందుకు లేకపోయిందని బాధేసింది.

సరైన మెచ్చుకోలు ఏం చేయగలదో కూడా ఈ బృందం కథలోనే ఉంది. ఈ రికార్డు విన్న తెల్ల కుర్రకారు దాని వెనకున్న గురువుల కోసం వెతుక్కుంటూ వెళ్లారు. 1969లో చెస్ కంపెనీ మడ్డీ వాటర్స్‌తో బటర్‌ఫీల్డ్, బ్లూమ్‌ఫీల్డ్‌లను కలిపి ‘ఫాదర్స్ అండ్ సన్స్’ అనే ఆల్బమ్ తీసింది. అందులోనూ డ్రమ్స్ వాయించింది శామ్ లేనే. అన్నేళ్ల నుంచి పాడుతున్న మడ్డీ వాటర్స్‌కు అంతకుముందు రాని ఆదరణ ఆ రికార్డుతో వచ్చింది. 2015లో ఈ బృందాన్ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చినప్పుడు శామ్ లే, జెరోమ్ ఆర్నాల్డ్ పేర్లూ చేర్చారు. బటర్‌ఫీల్డ్, బ్లూమ్‌ఫీల్డ్ అప్పటికే లేరు. శామ్ లే మాత్రం ఆ గౌరవం చూసుకున్నాకే, 2022 జనవరిలో కన్నుమూశాడు.

అందుకే నా విన్నపం. ఆల్బమ్ విదేశానిదైనా, మన ప్రైవేటు పాటలదైనా, సినిమాదైనా సరే, సమీక్ష వేసినప్పుడు చివర చిన్న బాక్సు కట్టి ఎవరు ఏం వాయించారో, ఏ పాట ఎవరిదో వేయండి. సమాచారం ఇవ్వని మ్యూజిక్ కంపెనీని అడగండి, అడిగినా ఇవ్వకపోతే ఆ సంగతే రాయండి. పత్రిక అడిగితే కదలిక వస్తుంది, పాఠకుడు అడిగితే రాదు.

ఈ పద్ధతిని వచ్చే ఆదివారం నుంచే, పాత వ్యాసానికి సవరణతోనే మొదలుపెట్టండి. అందులో వేయవలసిన పేర్లు ఇవి: గానం, మౌతార్గాన్ పాల్ బటర్‌ఫీల్డ్, గిటార్ మైక్ బ్లూమ్‌ఫీల్డ్, ఎల్విన్ బిషప్, ఆర్గన్ మార్క్ నాఫ్టలిన్, బేస్ జెరోమ్ ఆర్నాల్డ్, డ్రమ్స్, ‘మోజో’ పాటకు గానం శామ్ లే.

ఇట్లు,
మీ పాఠకుడు,
విజయవాడ