పట్టాల రంగు గురించి నాలుగు మాటలు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో మోడల్ రైళ్ల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఇంజన్ల గురించి, పెట్టెల గురించి, అరచేతిలో పట్టే స్టేషన్ల గురించి చక్కగా రాశారు. పట్టాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొని తెచ్చి పరచడమే తరువాయి అన్నట్టు ఒక్క వాక్యంతో సరిపెట్టారు. 28 ఏళ్లు సుత్తి, స్పానర్ పట్టుకుని పట్టాల వెంట నడిచిన మనిషిని. రిటైరయ్యాక ఆరేళ్లుగా ఇంట్లో ఒక బల్ల మీద అవే పట్టాలను చిన్నవిగా చేసి పరుస్తున్నాను. అందుకే ఆ ఒక్క వాక్యం దగ్గర మనసు ఆగిపోయింది.

వ్యాసంతో వేసిన ఫొటోనే చూడండి. ఇంజన్ కప్పు మీద పొగ మరక కూడా ఎంతో ఓపికగా దిద్దారు. దాని కింద పట్టాలు కొత్త గరిటెల్లా మెరుస్తున్నాయి. పట్టాల కింద అడ్డంగా పరిచే స్లీపర్లనే దిమ్మెలన్నీ ఒకే నల్లటి ప్లాస్టిక్. అంత మంచి ఇంజన్ కూడా బొమ్మలా కనిపించడానికి కారణం ఆ పట్టాలే.

మోడల్ పట్టాలను ఎక్కువగా నికెల్ సిల్వర్ అనే లోహంతో చేస్తారు. పేరులో వెండి ఉన్నా లోహంలో ఉండదు, రాగి, నికెల్, జింకు కలిపిన మిశ్రమం అది. ఇనుములా తుప్పు పట్టదు కాబట్టి రైలు నడవడానికి మంచిదే. కంటికి మాత్రం ఆ తుప్పు మనమే తెచ్చిపెట్టాలి. ఇంకో సంగతి కూడా ఉంది. 87వ వంతుకు తగ్గించిన హెచ్‌ఓ మోడళ్లలో 1435 మిల్లీమీటర్ల గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 16.5 మిల్లీమీటర్లు అవుతుంది. ఆ లెక్క సరిగ్గానే ఉంటుంది. కానీ చాలామంది కొనే కోడ్ 100 అనే రకం పట్టా ఎత్తు 2.54 మిల్లీమీటర్లు. దాన్ని 87తో హెచ్చిస్తే 221 వస్తుంది. మీటరుకు 60 కిలోలు తూగే అసలు పట్టా ఎత్తే 172 మిల్లీమీటర్లు. అంటే బల్ల మీద పట్టా ఉండాల్సిన దానికంటే ఎత్తుగా ఉంది. పక్కలకు ముదురు గోధుమ రంగు వేసి చూడండి, ఆ ఎత్తు కంటికి ఆనదు. మెరుపు పోతే పట్టా సన్నబడినట్టే కనిపిస్తుంది.

అయితే ఏదో ఒక తుప్పు రంగు పూసేస్తే పని అయిపోదు. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే. లైను మీద కారణం లేని మరక ఒక్కటి కూడా ఉండదు.

కొత్తగా వేసిన పట్టాకు తొలి వానలతో ఇటుక రంగు తుప్పు వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది ముదిరి చింతపండు రంగులోకి దిగుతుంది. చాలామంది మొత్తం లైనుకు ఆ ఇటుక రంగే వేసేస్తారు, అది తప్పు. చెక్క స్లీపరు చెడకుండా క్రియోసోట్ అనే నల్లటి నూనె పట్టిస్తారు కాబట్టి కొత్తలో నల్లగా ఉంటుంది, ఎండకీ వానకీ రంగు వెలిసి బూడిదలోకి మారుతుంది, నిలువునా పగుళ్లు వస్తాయి. పాడైన వాటినే మారుస్తారు, వరుస మొత్తం ఒకేసారి తియ్యరు. అందువల్ల ఒకటి నల్లగా, దాని పక్కవి నాలుగు బూడిదగా, మళ్లీ ఒకటి గోధుమగా ఉంటాయి. నేను మూడు రంగులు కలిపి పెట్టుకుని, ఏ స్లీపరుకు ఏది వెయ్యాలో వేస్తూ వేస్తూనే తేల్చుకుంటాను. కాంక్రీట్ స్లీపర్లయితే ఇంత తేడా ఉండదు. లేత బూడిద రంగు వేసి, పట్టా కూర్చునే చోట కాస్త తుప్పు ఛాయ ఇస్తే చాలు.

రైళ్లు బ్రేకు వేసే చోట, అంటే ప్లాట్‌ఫాం ముందూ సిగ్నల్ ముందూ, బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడితో కంకర కూడా గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇంజన్ ఆగి నిలబడే చోట రెండు పట్టాల మధ్య నూనె చుక్కలు పడి నల్లటి చార కడుతుంది. రెండు పట్టాల చివరలను ఇనుప పలకలతో కలిపి బిగించే ఫిష్‌ప్లేట్ జాయింట్ దగ్గర చక్రం పడ్డప్పుడల్లా పట్టా కుంగి లేస్తుంది. కింద కంకర నలిగి పిండవుతుంది, వాన పడితే ఆ పిండి బురదై పైకి ఎగదన్ని, ఎండాక తెల్లటి మచ్చలా మిగిలిపోతుంది. ఉద్యోగంలో ఆ తెల్ల మచ్చ దూరం నుంచి కనిపిస్తే అక్కడ మాకు పని ఉందని అర్థం. మోడల్‌లో ఆ మచ్చను ఇంతవరకు నేను ఎవరి బల్ల మీదా చూడలేదు. నా బల్ల మీద రెండు జాయింట్ల దగ్గర పెట్టాను. పాత సహోద్యోగి ఒకాయన వచ్చి చూసి, ఇంకేమీ మాట్లాడకుండా వేలితో సరిగ్గా అక్కడే చూపించాడు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇక పని ఎలా చెయ్యాలో, నాకు తెలిసినంత వరకు చెబుతాను. రంగు ముందు, కంకర తర్వాత. కంకర పోశాక పట్టా పక్కలకు బ్రష్ అందదు. ముందుగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడిచి, గ్రే ప్రైమర్ పలచగా కొట్టి, దాని మీద మెరుపులేని అక్రిలిక్ రంగు వెయ్యాలి. ఎయిర్ బ్రష్ ఉంటే త్వరగా అవుతుంది, మామూలు బ్రష్‌తో నిదానంగా అవుతుంది. స్ప్రే చేసేటప్పుడు కిటికీలు తెరిచి, మాస్క్ తప్పకుండా పెట్టుకోవాలి. పచ్చి నలుపు ఎక్కడా వాడకండి. చిన్న వస్తువు మీద ఏ రంగైనా అసలు కంటే ముదురుగా కనిపిస్తుంది, నలుపు మరీ గుంటలా కనిపిస్తుంది. అందులో కొంచెం బూడిద రంగు కలపాలి.

పట్టా పై అంచును మాత్రం శుభ్రంగా ఉంచాలి. ఇంజన్‌కు కరెంటు అందేది అక్కడి నుంచే. చిన్న చెక్కముక్కకు మెత్తని బట్ట బిగించి చుట్టి, రంగు పూర్తిగా ఆరకముందే పైన తుడిచేస్తే పక్కల రంగు అలాగే ఉంటుంది. గరుకు కాగితంతో రుద్దకండి, ఆ గీతల్లోనే తర్వాత మురికి చేరుతుంది. అసలు లైన్లలో అరుదుగా రైళ్లు వెళ్లే సైడింగ్ పట్టాకు పైన కూడా తుప్పు ఉంటుంది. మోడల్‌లో అది కుదరదు. కానీ లైను చివర చక్రం ఎప్పుడూ చేరని అంగుళం ముక్క ఉంటుంది కదా, అక్కడ పైన కూడా రంగు వదిలేస్తాను.

రైలు ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే పాయింట్ల దగ్గర మరీ జాగ్రత్త అవసరం. మొదటిసారి నేను వాటిని కప్పకుండానే స్ప్రే కొట్టేశాను. మర్నాడు ఇంజన్ అక్కడికి వచ్చి ఆగిపోయింది. అటూ ఇటూ కదిలే టంగ్ రైల్, కదలకుండా ఉండే స్టాక్ రైల్ తాకే చోట రంగు పేరుకుని కరెంటు అందలేదు. సూదితో గీకి సరిచేసేసరికి సాయంత్రమంతా గడిచిపోయింది. ఇప్పుడు ఆ తాకే చోట్ల సన్నటి టేపు అంటించాకే రంగు ముడతాను. కంకర కూడా టంగ్ రైల్ దగ్గర ఒక్క రాయి లేకుండా ఏరేస్తాను.

కంకరకు తెల్ల జిగురు, నీళ్లు సమానంగా కలిపి రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేస్తే చక్కగా ఇంకుతుంది. పూర్తిగా ఆరాక మెత్తని బ్రష్‌తో తుప్పు రంగు పొడి అద్దాలి. మీద మ్యాట్ వార్నిష్ కొడితే ఆ పొడి సగం మాయమైనట్టు అవుతుంది, అందుకని ముందే కాస్త ఎక్కువ అద్దుతాను.

సంపాదకులకు నా విన్నపం ఒక్కటే. ఈసారి మోడల్ రైళ్ల మీద రాయించినప్పుడు పట్టాలకు కనీసం అర పేజీ ఇవ్వండి. ఫొటో కూడా పై నుంచి కాకుండా, లైను పక్కన నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో కెమెరా పెట్టి తీయించండి. కావాలంటే ఏ మరక ఎక్కడ ఎందుకు వస్తుందో బొమ్మ గీసి పంపిస్తాను. నా లూప్ లైన్‌లో ఇంకా 40 స్లీపర్లు మిగిలాయి, అవి అయ్యేలోపే గీసి ఇవ్వగలను.

ఇట్లు,
పట్టాల మీద పనిచేసిన ఒక పాఠకుడు