అన్నవాహిక ఆపరేషన్: కోత గురించి ఒక్కటే అడిగితే చాలదు

సంపాదకులకు నమస్కారం.

రెండేళ్ల కిందట మా నాన్నకు అన్నవాహిక క్యాన్సర్ ఆపరేషన్ అయింది. ముద్ద దిగట్లేదని ఆయన ప్రతి ముద్దకీ గుక్కెడు నీళ్లు తాగుతుంటే మూడు నెలలపాటు గ్యాస్ అనుకుని మాత్రలు కొనిచ్చాం, ఎండోస్కోపీ చేయించేసరికి జావ తప్ప ఏదీ దిగట్లేదు. ఆ మూడు నెలలు గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు.

ముందు కీమో, రేడియేషన్ ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేశారు. చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న, పెద్ద కోతా, లేక చిన్న చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసే కీహోలా అని. కీహోల్‌తో మేలున్న మాట నిజమే. యూరప్‌లో చేసిన పరిశోధన ఒకటి 2012లో వచ్చింది, అందులో మొదటి రెండు వారాల్లో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ కోత వాళ్లలో 29 శాతం మందికి వస్తే కీహోల్ వాళ్లలో 9 శాతానికే వచ్చింది. రోగిని బోర్లా పడుకోబెట్టి ఛాతీలో కీహోల్ చేసే పద్ధతిలో 130 మందికి చేసిన అనుభవాన్ని కోయంబత్తూరు డాక్టర్ పళనివేలు బృందం 2006లోనే ప్రచురించింది.

కానీ కోత చిన్నదైనా లోపల చేసే పని పెద్దదే. అన్నవాహికలో చాలా భాగం తీసేసి, పొట్టనే సన్నటి గొట్టంలా కుట్టి పైకి లాగి, ఛాతీలోనో మెడ దగ్గరో అతుకుతారు. ఆ అతుకు లీకైతే ప్రాణం మీదకొస్తుంది. అందుకే ఈ ఆపరేషన్ మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు, రాత్రిపూట ఏమన్నా అయితే చూసేదెవరు అని అడగాలి. మాకప్పుడు ఆ సంగతి తెలియదు.

పేగులోకి వేసిన ఆహారం ట్యూబుతో, ఇంగ్లీషులో ఉన్న ఒక్క కాగితంతో ఇంటికి పంపేశారు. పాలు పోసిన ప్రతిసారీ ట్యూబులోకి నీళ్లు ఎక్కించాలని ఎవరూ చేసి చూపించలేదు. నాలుగో రాత్రి ట్యూబు మూసుకుపోయింది, అమ్మ సిరంజి పట్టుకుని ఏడుస్తుంటే ఆటో మాట్లాడుకుని మళ్లీ ఆసుపత్రికి పరిగెత్తాం. కొంచెం కొంచెంగా ఆరుసార్లు తినాలని, తిన్న వెంటనే పడుకోకూడదని, మంచానికి తల వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాలని మాకు చెప్పింది పక్క బెడ్డు పేషెంటు భార్య.

ఈ విషయాలన్నీ తెలుగులో రాసి ఆపరేషన్‌కి ముందే ఇంట్లోవాళ్ల చేతిలో పెట్టాలని ఆసుపత్రులను కోరుతున్నాను. మీ ఆరోగ్య పేజీలో కూడా దయచేసి ఒకసారి వివరంగా వేయండి.

– ఒక రోగి కూతురు, ఖమ్మం