ఆదివారం కూడికకు ముందు ఒక మనవి

సహవాస సభ్యులందరికీ ప్రభువు నామమున వందనాలు. ఈ ఆదివారం సాయంత్రం మన విశాఖపట్నం కూడికలో హింస తరువాతి సమాధానం (సయోధ్య) గురించి మాట్లాడుకుంటాము గనుక, పొరుగు ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో 1999 జనవరిలో సజీవదహనానికి గురైన ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ, ఆయన ఇద్దరు చిన్న కుమారులనూ తలచుకొని రాగలరు. హంతకులను క్షమించానని చెప్పిన ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్, ఆ తరువాత కూడా కొన్నేళ్లు బారిపదలో కుష్ఠురోగుల సేవ విడువలేదు. అయినా న్యాయస్థానంలో విచారణ ఆగలేదు, ముఖ్య నిందితుడు దారాసింగ్‌కు యావజ్జీవ శిక్ష పడింది. క్షమించడమంటే కేసు వదులుకోవడమేనని బాధితులను ఒత్తిడి చేసే పెద్దలతో (అటువంటివారు మనలోనూ ఉన్నారు) నేను ఏకీభవించలేను. మత్తయి 5:23, 24 చదివి రండి: అక్కడ సమాధానపడుటకు ముందుగా వెళ్లవలసినది నొప్పించినవాడే. కూడికలో తమ సాక్ష్యం చెప్పదలచినవారు నాకు విడిగా తెలియజేయండి. బాధితుల పేర్లు, ఫోటోలు దయచేసి గ్రూపులో పెట్టవద్దు.