పది జీపీఏ అంటే నూటికి నూరు కాదు

సంపాదకులకు,

కావలి, ఆత్మకూరు వైపు నెట్ సెంటర్లలో ఉద్యోగ దరఖాస్తులు నింపేటప్పుడు పాత పదో తరగతి జీపీఏను పదితో గుణించి శాతం గడిలో కొట్టేస్తున్నారు. చిక్కంతా అక్కడే.

ఎస్సెస్సీలో గ్రేడ్లున్న చివరి ఏళ్లలో 91 నుంచి 100 దాకా ఏ1, అంటే పది పాయింట్లు. 81-90కి ఏ2, తొమ్మిది. అలా దిగుతూ 35-40కి నాలుగు. హిందీకి 20 వస్తే చాలు పాస్ కాబట్టి దాని మెట్లు వేరు. ఆరు సబ్జెక్టుల పాయింట్ల సగటే జీపీఏ.

ఇప్పుడు చూడండి. ఆరింటిలోనూ 91 చొప్పున 546 తెచ్చుకున్న అమ్మాయికి జీపీఏ 10. లెక్కల్లో 90, మిగతా ఐదింట్లో నూటికి నూరు, మొత్తం 590 వచ్చిన అబ్బాయికి 9.8. నలభై నాలుగు మార్కులు ఎక్కువొచ్చి కూడా వెనకబడ్డాడు! గ్రేడు పట్టుకుని అసలు మార్కు రాబట్టడం ఎవరి తరమూ కాదు.

సీబీఎస్‌ఈ దారి వేరే. పాసైనవాళ్లను మార్కుల వరుసలో పెట్టి పై ఎనిమిదో వంతుకు ఏ1, ఆ తర్వాతి ఎనిమిదో వంతుకు ఏ2 ఇస్తారు. అదే 92కి ఒక సబ్జెక్టులో ఏ1 రావచ్చు, ఇంకోదాంట్లో రాకపోవచ్చు. దీన్ని మన పట్టికతో పోల్చి బడి మీదికి గొడవకు పోవడం దండగ.

గ్రామీణ డాక్ సేవక్ నోటిఫికేషన్లలో గ్రేడ్ పాయింట్లను 9.5తో గుణించమన్నారు, 9.8కి 93.1 అవుతుంది, 98 కాదు. గుణకం ఎంతో ముందు నోటిఫికేషన్‌లో చూసుకోండి. జీపీఏకు విడిగా గడి ఉంటే మెమోలో ఉన్నది ఉన్నట్టే వేయండి.

– ఒక గణిత ఉపాధ్యాయుడు, కావలి, నెల్లూరు జిల్లా