గోల్ఫ్‌లో ముందు కార్డు, ఆ తర్వాతే ప్రొఫెషనల్

సంపాదకులకు,

గోల్ఫ్ క్రీడాకారిణి అదితి అశోక్ పేరు వచ్చినప్పుడల్లా మన పత్రికల క్రీడల పేజీల్లో ‘పదిహేడేళ్లకే ప్రొఫెషనల్’ అన్న మాట తప్పక కనిపిస్తుంది. నిజమే. కానీ ఆమె ఏ పని ముందు చేసింది, ఏది తర్వాత చేసిందన్నది మాత్రం ఎవరూ రాయడం లేదు. హైదరాబాద్, విశాఖ గోల్ఫ్ కోర్సుల్లో పిల్లలకు కోచింగ్ ఇప్పిస్తున్న తల్లిదండ్రులకు ఆమె వయసు కంటే ఆ వరుస ముఖ్యం.

2015 డిసెంబరులో మొరాకోలో జరిగిన లేడీస్ యూరోపియన్ టూర్ క్యూ స్కూల్‌కు (ఆ టూర్‌లో ఆడే అర్హత కోసం పెట్టే పోటీకి) అదితి అమెచ్యూర్‌గానే, అంటే ఆటను వృత్తిగా తీసుకోకుండానే, వెళ్లింది. అక్కడ గెలిచింది, మరుసటి ఏడాదికి టూర్ కార్డు, అంటే ఆ టూర్ టోర్నీల్లో ఆడే హక్కు, చేతికొచ్చింది. ఆ తర్వాతే, 2016 జనవరి 1న, ప్రొఫెషనల్ అయింది. ఆ నవంబరులో ఇండియన్ ఓపెన్, వెంటనే ఖతార్ ఓపెన్ గెలిచి, ఆ టూర్‌లో ఆ ఏటి ఉత్తమ కొత్త క్రీడాకారిణిగా నిలిచింది. ఆడటానికి టోర్నీలు ఖాయమయ్యాకే అమెచ్యూర్ హోదా వదులుకుందన్నమాట. మన దగ్గర చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు ప్రొఫెషనల్ అని ప్రకటించుకుని, ఆనక క్యూ స్కూల్ ఫీజు కడతారు. కార్డు రాకపోతే ఇటు టూర్‌లో చోటుండదు, అటు అమెచ్యూర్ పోటీల్లోకి రానివ్వరు. రెంటికీ చెడ్డ రేవడి.

క్యూ స్కూల్ ఆడినంత మాత్రాన అమెచ్యూర్ హోదా పోదు. దరఖాస్తులోనే అమెచ్యూర్‌నని స్పష్టంగా రాసి, పరిమితికి మించిన ప్రైజ్ మనీ ముట్టుకోకుండా ఉంటే చాలు. ‘ప్రొఫెషనల్ అయితేనే స్పాన్సర్ దొరుకుతాడు’ అన్న మాట కూడా పాతబడిపోయింది. 2022 జనవరిలో నిబంధనలు మారాక అమెచ్యూర్లు కూడా స్పాన్సర్ల నుంచి ఖర్చులకు డబ్బు తీసుకోవచ్చు. 700 పౌండ్లు లేదా 1000 డాలర్ల విలువ దాకా ప్రైజ్ పుచ్చుకోవచ్చు. అది దాటితేనే చిక్కు. పోయిన హోదా మళ్లీ కావాలంటే దరఖాస్తు పెట్టుకుని నెలల తరబడి ఆగాలి. పైగా అమెరికా యూనివర్సిటీలు గోల్ఫ్ ఆడేవాళ్లకు ఇచ్చే స్కాలర్‌షిప్‌ల దారి, ఒకసారి ప్రొఫెషనల్ అయ్యాక, మూసుకుపోయినట్లే. అమెరికా చదువుల గురించి ఇంటింటా ఇంత తెలిసిన మనకు ఈ ఒక్క సంగతి తెలియకపోవడం విచిత్రమే.

ఇక ప్రొఫెషనల్ కావాలన్న తొందరకు అసలు కారణం హ్యాండిక్యాప్, అంటే ఆటగాడి స్థాయిని చూపే అంకె. గోల్ఫ్‌లో కొట్టిన దెబ్బల (స్ట్రోకుల) లెక్కే స్కోరు, అది ఎంత తక్కువైతే అంత మెరుగు. ‘మావాడు స్క్రాచ్ ప్లేయర్ (హ్యాండిక్యాప్ సున్నా), ఇంకేం కావాలి’ అంటారు తల్లిదండ్రులు. హ్యాండిక్యాప్ లెక్కకు చివరి 20 రౌండ్లలో మెరుగైన 8 మాత్రమే తీసుకుంటారు, మిగతా 12 పక్కకు పోతాయి. క్యూ స్కూల్‌లో ఏ రౌండూ పక్కకు పోదు. 71, 72, 70 కొట్టి మర్నాడు 79 కొడితే ఆ 79 కూడా మొత్తంలో కలవాల్సిందే. ఆసియా టూర్ క్యూ స్కూల్ తుది దశలో ఐదు రౌండ్లూ కలిపి మొదటి 35 స్థానాల్లో నిలిచినవారికే కార్డు. కాబట్టి సొంత క్లబ్బు స్కోర్లు పక్కనబెట్టి, వేరే ఊళ్ల కోర్సుల్లో, వెనక టీల నుంచి (తొలి దెబ్బ కొట్టే చోట్లలో హోల్‌కు బాగా దూరంగా ఉన్నవాటి నుంచి), వరుసగా నాలుగు రోజులు ఆడిన టోర్నీల స్కోర్లే తీసుకోండి. ఒక్క రౌండు కూడా వదలకుండా సగటు కట్టండి. అది పార్‌కు (కోర్సుకు నిర్ణయించిన స్ట్రోకుల సంఖ్యకు) దగ్గర్లో లేకపోతే ఇంకో ఏడాది అమెచ్యూర్‌గానే ఆడించండి.

ఒక్క రౌండు ఎంత పని చేస్తుందో అదితి స్కోర్లే చెబుతాయి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఏడు స్ట్రోకుల ఆధిక్యంతో చివరి రౌండుకు వెళ్లి 77 కొట్టింది, స్వర్ణం పోయి రజతం మిగిలింది. టోక్యో ఒలింపిక్స్‌లో 67, 66, 68, 68 కొట్టి కూడా ఒక్క స్ట్రోకు తేడాతో పతకం పోయి నాలుగో స్థానంలో ఆగిపోయింది.

డబ్బు సంగతీ అంతే. 2022 ప్లేయర్స్ చాంపియన్‌షిప్‌లో మన గోల్ఫర్ అనిర్బన్ లాహిరి రెండో స్థానంలో నిలిచి 21.8 లక్షల డాలర్లు అందుకున్నాడని అందరూ రాశారు. 36 హోల్స్ (రెండు రౌండ్లు) తర్వాత, వెనకబడ్డవారిని తప్పించే కట్‌లో పోయినవారికి ఆ ప్రైజ్ మనీలో పైసా రాలేదని ఎవరూ రాయలేదు. కట్ దాటినా దాటకపోయినా హోటల్, టికెట్లు, క్యాడీ (బ్యాగు మోసే సహాయకుడి) వారం జీతం ఇచ్చుకోవాల్సిందే. పెద్ద టూర్లలో గెలిస్తే క్యాడీకి బహుమతిలో పది శాతం దాకా వాటా ఇవ్వడం ఆనవాయితీ. మన దేశీయ టూర్‌లో కోటి రూపాయల టోర్నీ అంటే విజేతకు సాధారణంగా వచ్చేది పదిహేను లక్షలు. పన్ను, ప్రయాణాలు దాంట్లోంచే.

అందుకని ఒక విన్నపం. గోల్ఫ్ ఫలితాలు వేసేటప్పుడు స్థానంతోపాటు అది ఏ టూరో, కట్ ఎన్ని స్ట్రోకుల దగ్గర పడిందో, ఆ ఆటగాడికి వచ్చే ఏడాదికి కార్డు ఉందో లేదో కూడా వేయండి. రెండు లైన్లు చాలు.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం